రెండు గంటలకోసారి

విజయనగరంలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి నాణ్యత సర్టిఫికెట్ తేవాలని యాజమాన్యం అనుకున్న ఏడాది, మా ఆడవాళ్ల ఎముకల వార్డులో ముప్పై మంచాలు ఉండేవి. పగటి షిఫ్టుకి ఇద్దరు నర్సులం, ఒక ఆయా. ఇప్పుడూ అంతే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పబోయేదాంట్లో నా తప్పు తక్కువేమీ కాదు. దాన్ని ఈ మంచాల సంఖ్య చాటున దాచుకుంటున్నానని ఎవరూ అనుకోకూడదు.

మాది కొత్తవలస అవతల ఒక పల్లె. వరీ నువ్వులూ పండించే ఇల్లు. రోజూ రైల్లో వచ్చి, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి డ్యూటీకి పోవడం నాకు పదకొండేళ్ల అలవాటు. ఆ పదకొండేళ్లలో రోగిని ఎలా చూసుకోవాలో నాకెవరూ కొత్తగా నేర్పలేదు. చూసుకోవడానికి తీరిక లేకపోవడమే నేర్చుకున్నాను.

సర్టిఫికెట్ పని చూడటానికి విశాఖపట్నం నుంచి వారానికి మూడు రోజులు ఒక మేడమ్ వచ్చేది. అందరూ ఆమెను క్వాలిటీ మేడమ్ అనేవారు, వెనకాల నవ్వుకునేవారు. నాకు మాత్రం ఆమె నచ్చింది. మొదటివారమే మమ్మల్నందరినీ పై అంతస్తు హాల్లోకి పిలిచి, పరుపుల్లేని మంచాల మీద వెల్లకిలా పడుకోమంది. కదలొద్దంది. గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలకు మడమలు మండాయి. ఇరవై నిమిషాలకు నడుం కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టయింది. ఒక్కొక్కరమే పక్కకు ఒత్తిగిల్లాం. అరగంట దాకా ఆగినవాళ్లు ఇద్దరే.

"మీరు కదిలారు. కదల్లేనివాళ్లని మీరు కదపాలి. రెండు గంటలకోసారి. అంతకంటే పెద్ద వైద్యమేమీ నేను చెప్పబోవడం లేదు" అంది.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పడక పుండు పడ్డ మనిషి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండాల్సినచోట నలభై రోజులుంటుందనీ, చేసిన ఆపరేషన్ కూడా దండగైపోతుందనీ, అది రాకుండా చూడటానికి మందులక్కర్లేదు, నాలుగు చేతులు చాలనీ చెప్పింది. వార్డుకి ఇంకో ఇద్దరు మనుషులు కావాలని యాజమాన్యానికి రాసి ఇచ్చింది కూడా. ఆ కాగితం ఆఫీసుకి తీసుకెళ్లింది నేనే. సర్టిఫికెట్ వచ్చాక చూద్దామన్నారు. మనుషులు రాలేదు, చార్టులు వచ్చాయి. ప్రతి మంచానికీ ఒక అట్ట, దానికి క్లిప్పు, దానిలో గళ్ల కాగితం. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు. ఎడమ పక్క, కుడి పక్క, వెల్లకిలా. చివర్న మా సంతకం.

మొదటివారం నిజంగానే తిప్పాం. సొంతంగా కదల్లేనివాళ్లు వార్డులో పదిమంది దాకా ఉండేవారు. ఒక్కొక్కరినీ తిప్పడానికి ఇద్దరం కావాలి. ఈలోగా ఒకరికి సూది టైమవుతుంది, ఇంకొకరిని ఆపరేషన్ థియేటర్‌కి పంపమని ఫోనొస్తుంది, పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వస్తారు, డిశ్చార్జ్ అయినవాళ్లు కాగితాల కోసం బల్ల దగ్గర నిలబడతారు. రెండోవారం, తిప్పిన గంటకో గంటన్నరకో గుర్తు చేసుకుని రాశాం. మూడోవారం నుంచి, కూర్చోవడానికి ఐదు నిమిషాలు దొరికినప్పుడే సాయంత్రం దాకా గళ్లు నింపేయడం మొదలుపెట్టాం. మొదటిసారి అలా నింపినప్పుడు నా చేయి ఆగింది. రెండోసారి ఆగలేదు.

అలాంటి రోజుల్లో వార్డుకి వచ్చింది ఆ చేపలామె. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె. అరవై దాటినా పొడగరి, గట్టి మనిషి. చేపల తట్టతో ఆటో దిగుతుంటే, రెండో కాలు కింద పెట్టకముందే ఆటోవాడు పోనిచ్చాడట. తుంటి ఎముక విరిగింది. షుగర్ బాగా ఎక్కువుంది, అది దిగితేగానీ ఆపరేషన్ చేయలేమన్నారు. కాలికి బరువు కట్టి, కదలకుండా పడుకోబెట్టారు. కొడుకు గుజరాత్ వైపు బోట్ల మీద పనికెళ్లాడు. తోడు ఉన్నది కోడలు. పాతికేళ్లుంటాయేమో, ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్ల, అడిగితే తప్ప మాట్లాడదు.

అత్తకి మాత్రం నోరు ఊరుకునేది కాదు. నేను సూది వేయడానికి వెళ్తే అడిగింది.

"నీది ఏ ఊరమ్మా?"

"కొత్తవలస అవతల."

"అయితే మనోలే. మీ వైపు రైల్లో ఎండుసేపలు అట్టుకొచ్చేదాన్ని. మీయమ్మ నాకాడ కొనే ఉంటాది."

కొనే ఉంటుంది. మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్లు బేరమాడటం నాకు గుర్తే. నవ్వి, సూది వేసి, పక్క మంచానికి వెళ్లిపోయాను.

ఆమె వచ్చి ఐదోరోజో ఆరోరోజో అయింది. మధ్యాహ్నం భోజనం చేసి వార్డులోకి వచ్చేసరికి కోడలు మంచం కాళ్ల వైపు నిలబడి ఉంది. చేతిలో అట్ట ఉంది.

"అక్కా, టైమెంతయింది?"

"రెండు దాటింది. ఏం?"

"ఇందల సాయంత్రం ఆరుకి అత్తని ఎడం పక్కకి తిప్పినట్టు రాసున్నాది."

గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టే అడిగింది. నేను ఆ అట్టను ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"ఇది మీరు చూడాల్సిన కాగితం కాదు" అన్నాను.

నా ఉద్యోగంలో నేను అన్న మాటలన్నింటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది అదే. మంచం మీంచి అత్త తల తిప్పింది.

"ఏటే, ఏటి రాసినారు?"

కోడలు చెప్పింది. ఆమె నా చేతిలోని అట్టను చూసింది.

"పోన్లే. కాయితంలోనన్నా తిరిగినాను" అంది.

నేను ఆ అట్టను మళ్లీ మంచానికి తగిలించాను. కోడలు మెల్లగా అంది. "నడుం కింద మంటంటన్నాదక్కా. మూడ్రోజుల్నించి సెప్తన్నాం. పడుకున్నోలకి అలాగే ఉంటాదన్నారు."

అన్నది నేనో, నాతో చేసే ఇంకో నర్సో గుర్తు లేదు. ఇద్దరం అనే ఉంటాం. ఆయాను పిలిచి, బరువు కట్టిన కాలు కదలకుండా కోడలిని పట్టుకోమని, నడుం ఒక పక్కకు కొద్దిగా ఎత్తి చూశాను. వెన్నెముక చివర చర్మం నల్లబడి ఉంది. మధ్యలో బొబ్బ చితికి, దుప్పటి తడిసి, అంటుకుపోయి ఉంది. నాకు వాసన కూడా తెలిసింది. అది మూడు రోజుల్లో అయింది కాదు. నేను సంతకం పెట్టిన గళ్లన్నీ కలిస్తే అయింది.

డ్యూటీ డాక్టరుకి చెప్పాను. ఆయన చూసి మందు రాశాడు, గాలి పరుపు వేయమన్నాడు. స్టోర్లో గాలి పరుపులు రెండున్నాయి. ఒకదానికి గాలి నిలవదు. రెండోది తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికని కవరు విప్పకుండా ఉంచారు. విప్పితే మళ్లీ అలా సర్దలేమన్నాడు స్టోర్ అతను. మా నర్సులందరి మీదా పెద్ద అయిన మేట్రన్‌ని అడిగితే, తనిఖీ అయిన రోజు సాయంత్రమే ఇప్పిస్తానంది.

ఆరోజు సాయంత్రం నేను కోడలికి తిప్పడం నేర్పాను. పూర్తిగా పక్కకు కాదు, నడుం కింద దిండు పెట్టి కాస్త వాల్చాలి, మడమల కింద గుడ్డ చుట్ట పెట్టి అవి పరుపుకి తగలకుండా చూడాలి, ఈడ్చకూడదు, ఎత్తాలి. ఒక్కసారి చూసి పట్టేసింది. రెండో మనిషి కావాలి కదా, పక్క మంచం దగ్గరున్న ఒక రైతు భార్యను సాయం పిలుచుకుంది. గంట పోయాక ఆ రైతు భార్య తన తల్లిని తిప్పడానికి ఈమెను పిలిచింది. మూడు రోజులు తిరిగేసరికి వార్డులో ఆడవాళ్లంతా ఒకరికొకరు చేయి వేస్తున్నారు. పొలం పని చేసే చేతులు, వలలు లాగే చేతులు. మాకంటే సులువుగా ఎత్తేవారు. "వదినా, మీయమ్మకి టైమయింది, రా" అని అటు మంచం నుంచి ఇటు కేకేసుకునేవారు. ఆ కొద్దిరోజులూ చార్టులో రాసింది దాదాపు నిజమైంది. అందులో నా చేయి లేదు. సంతకం మాత్రం నాదే.

ఆమెకు షుగర్ దిగింది, ఆపరేషన్ చేశారు. ఎముక బాగానే కుదిరింది. పుండు మాత్రం లోతుకు పోయింది. రోజూ కడిగి కట్టేదాన్ని. కడుగుతున్నప్పుడు మంచం ఊచ పట్టుకునేది, అరిచేది కాదు.

ఆపరేషనయిన నాలుగో రోజు తనిఖీ. ముందురోజు మేట్రన్ వచ్చి ఆమెను ఇంకో గదికి మార్చగలమా అని చూసింది. పెద్ద డాక్టరు ఇప్పుడే కదపొద్దన్నాడు. అప్పుడు మేట్రన్ కోడలిని పక్కకు పిలిచి, ఎవరేమడిగినా బాగా చూస్తున్నారని చెప్పమంది. కోడలు తలూపలేదు, కాదనలేదు.

తనిఖీకి ఇద్దరొచ్చారు. వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన, తెలుగు తెలిసిన ఒకావిడ. వాళ్ల వెనక యాజమాన్యం, మేట్రన్, క్వాలిటీ మేడమ్. వార్డంతా ఫినాయిల్ వాసన. గాలి పరుపు కవరు తీసి మూల మంచం మీద వేశారు. దాని మీద ఎవరినీ పడుకోబెట్టలేదు. ఆ తెలుగావిడ సరిగ్గా మా చేపలామె మంచం దగ్గరే ఆగింది. అట్ట తీసి చూసింది. ఒక్క గడి ఖాళీ లేదు.

"అమ్మా, సిస్టర్లు మిమ్మల్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా?"

నేను మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కోడలు నేల చూస్తోంది. ముసలామె నా వైపు చూసి, ఆవిడ వైపు తిరిగింది.

"తిప్పుతన్నారమ్మా. గంట కొట్టినట్టు తిప్పుతన్నారు."

ఆవిడ సంతోషంగా ఏదో రాసుకుంది. నడుం కాస్త ఎత్తి చూస్తే అరచేతి మేర పుండుకి వేసిన కట్టు కనబడేది. ఎత్తలేదు. పక్క మంచానికి వెళ్లిపోయారు. నేను వాష్‌రూంలోకి వెళ్లి చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాను.

సర్టిఫికెట్ వచ్చింది. అద్దం కట్టించి రిసెప్షన్ దగ్గర తగిలించారు. హాల్లో చిన్న సభ పెట్టి, రికార్డులు బాగా రాసినందుకు నాకు శాలువా కప్పారు. ఫొటో తీశారు. సభయ్యాక మెట్ల దగ్గర క్వాలిటీ మేడమ్ నన్ను ఆపింది.

"నీ చార్టులు నిజమేనా?"

"నిజమే మేడమ్."

నా భుజం మీది శాలువా వైపు చూసింది. "సరే" అంది. ఆమె ఒప్పందం ఆ నెలతో ముగిసింది. మళ్లీ రాలేదు. రాసి ఇచ్చిన ఆ ఇద్దరు మనుషుల సంగతి ఆమెతోనే పోయింది. నేను ఆ మెట్ల దగ్గర నిజం చెప్పుంటే ఏమయ్యేదో తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో. అయినా చెప్పలేదు.

ముసలామెను పుండుతోనే ఇంటికి పంపేశారు. ఊళ్లో ఎవరిచేతనైనా కట్టు కట్టించుకోమన్నారు. నాకు సెలవున్న ఆదివారాల్లో నేనే వెళ్లేదాన్ని. భోగాపురం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారంతా విమానాశ్రయం పనుల లారీలు, ఎర్ర దుమ్ము. ఆ దుమ్ములోనే చేపల తట్టలతో ఆడవాళ్లు ఆటోల కోసం నిలబడి ఉండేవారు. రెండో ఆదివారానికే వాళ్లలో కోడలు కూడా కనిపించింది. అత్త తట్ట ఇప్పుడు ఆ పిల్ల నెత్తి మీదికి వచ్చింది.

మొదటిసారి నన్ను చూసి ముసలామె ఆశ్చర్యపోలేదు. రమ్మంది, కోడలిచేత నీళ్లిప్పించింది. నేను పుండు కడిగి, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టాను. మడమలు చూశాను. మిగతా ఆరు రోజులూ ఏం చేయాలో కోడలికి చూపించాను. మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు ఆమే అడిగింది.

"ఆ దినం నాను అబద్దం ఎందుకాడేనో అడగవేటి?"

అడగాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. నా మీద జాలిపడిందనీ, తమ వైపు మనిషినని నన్ను కాపాడిందనీ నాకు నేను చెప్పుకుని ఉన్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండేది.

"ఎందుకు?" అన్నాను.

"ఉన్నదే ఇద్దరు. నిన్ను తీసేస్తే ఒక్కర్తే మిగుల్తాది. ముప్పై మందిమి ఉన్నాం. నాకు కట్టు ఎవలు కట్టేది?"

అంతే. నన్ను చూసి కాదు. బొమ్మలా పడుకుని, ఆ వార్డులో చేతులెన్నున్నాయో మా యాజమాన్యం కంటే ఆమే సరిగ్గా చూసింది. నేను కట్టు ముడి వేసి, సంచి సర్దుకున్నాను.

ఆ తర్వాత వార్డులో నేను ఒక పని చేశాను. తిప్పితేనే గడి నింపడం, లేకపోతే ఖాళీగా వదిలేయడం. వారం తిరిగేసరికి నా చార్టులు చిల్లులు పడ్డ గుడ్డలా కనబడ్డాయి. మేట్రన్ పిలిచింది.

"రాయడానికి బద్ధకమా?"

"చేయనిది రాయలేదు మేడమ్."

"చేయకపోతే చేయండి."

"ఎవరం?"

ఆమె కూడా నర్సుగా మొదలుపెట్టిన మనిషే. కోపం రాలేదు, అలసటగా కూర్చోమంది. అప్పుడు నేను, ఏదో మంచి చేస్తున్నాననుకుని, ఆ ఆడవాళ్ల సంగతి చెప్పాను. చేపలామె కోడలు ఎలా నేర్చుకుందో, ఎలా ఒకరికొకరు సాయపడ్డారో, ఆ రోజుల్లో వార్డులో కొత్తగా ఒక్క పుండు కూడా పడలేదనీ చెప్పాను. మనుషులను ఇస్తే మేమూ అలాగే చేయగలమని చెప్పడం నా ఉద్దేశం. మేట్రన్ శ్రద్ధగా విని, పైకి తీసుకెళ్తానంది.

తీసుకెళ్లింది. నెల తిరక్కుండా కొత్త చార్టు అచ్చయి వచ్చింది. గళ్లు అవే, గంటలు అవే. చివర్న మా సంతకం ఉండేచోట ఇప్పుడు రోగి తాలూకు మనిషి సంతకమో వేలిముద్రో పెట్టాలి. పైన ఒక వాక్యం కూడా వేశారు: రోగిని రెండు గంటలకోసారి తిప్పే పద్ధతి నాకు వివరించారు, ఆ బాధ్యత నాది. చేర్చుకునే రోజే ఇంకో పది కాగితాలతో కలిపి దీని మీదా సంతకం తీసుకుంటారు. వివరించేందుకు మాకు టైముండదు. తోడు ఎవరూ లేని మనిషి వస్తే ఏం చేయాలో అందులో లేదు.

ఆదివారం వెళ్లినప్పుడు ముసలామెకు ఈ సంగతి చెప్పాను. తనలో తను నవ్వింది.

"అయితే ఇప్పుడు పుండు పడితే కోడల్దే తప్పన్నమాట."

పుండు మానడానికి నాలుగు నెలలు పైనే పట్టింది. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచేది. అంతకంటే నడవలేకపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, లేపి నడిపించాల్సిన వారాలన్నీ పుండుకే పోయాయి. కాళ్లలో సత్తువ మళ్లీ రాలేదు. చివరి కట్టు విప్పిన రోజు నేను సంతోషంగా, ఇంక కట్టక్కర్లేదన్నాను.

"అయితే ఇంక రాకమ్మా" అంది.

"ఊరికే చూడ్డానికి వస్తాను."

"ఒద్దు. నువ్వొస్తే నాకు ఆ మంచమే గుర్తొస్తాది. నీ మీద కోపం నేదు. రాక."

కోడలు రోడ్డు దాకా వచ్చింది. ఆటో ఆపి నన్ను ఎక్కించింది. నేను మళ్లీ వెళ్లలేదు. వద్దంది కాబట్టి వెళ్లలేదని చెప్పుకుంటాను. వెళ్లక్కర్లేకపోయినందుకు లోపల ఎక్కడో తేలికపడ్డాను. అదీ నిజమే.

తర్వాతి వానాకాలంలో, ఆ ఊరి మనిషే ఒకావిడ మణికట్టు విరిగి మా దగ్గరికి కట్టు వేయించుకోవడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి, వార్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా ఊరికి ఆదివారాలు వచ్చిన నర్సమ్మవి నువ్వే కదేటి? ఆ అత్త పోయింది. జొరం తగిలింది, లెగలేకపోయింది. పక్షం దినాలయింది."

నా చేతిలో ట్రేలో ముగ్గురికి వేయాల్సిన సూదులున్నాయి. మొదటి మంచం నుంచి పిలుస్తున్నారు. "ఒక్క నిమిషం ఉండమ్మా, వస్తాను" అన్నాను. ఆవిడ సరేనంది.

సూదులు వేసి వచ్చేసరికి వెళ్లిపోయింది.